అడవి పోతే తప్పెవరిది? కడప కొండల కింద తరచుగా అడిగే ప్రశ్నలు

పెన్నకు ఆవల లంకమల, ఈవల పాలకొండలు, నడుమ కడప. ఈ కొండల కింద ఉన్న ఊళ్లలోనూ కాలేజీల్లోనూ అడవి గురించి మాట్లాడడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఎక్కడికి వెళ్లినా ఇంచుమించు అవే ప్రశ్నలు ఎదురవుతుంటాయి కనుక, నిలబడి చెప్పిన జవాబులను ఈసారి కూర్చుని రాశాను. కొన్ని జవాబులు ఏళ్ల తరబడి మారుతూ వచ్చాయి, ఇక ముందు కూడా మారవచ్చు.

మా వైపు ఉన్నదంతా ముళ్లకంప. దాన్ని కూడా అడవి అంటారా?

ఈ ప్రశ్న అడిగేవారి మనసులో అడవి అంటే తలకోన జలపాతం దగ్గర కనిపించే పచ్చదనం, లేదా సినిమాలో చూసిన కేరళ కొండలు. ఎండాకాలంలో ఆకు రాల్చి, కొమ్మలు ఎండుపుల్లల్లా మిగిలే లంకమలను చూసి అది చచ్చిపోయిందనుకుంటారు. సంవత్సరంలో ఎక్కువ నెలలు నీరు దొరకని చోట ఆకు రాల్చడం చెట్టు నేర్చుకున్న పొదుపు. చండ్ర, చిరుమాను, నారేపి, ఎర్రచందనం అన్నీ ఆ పొదుపుతోనే బతుకుతాయి. కొండ దిగువన చెట్లు పలచబడి కలివి, బలుసు, రేగు పొదలు మొదలయ్యే నేల ఉంటుంది. అందరూ బీడు అని పిలిచేది దాన్నే.

కలివికోడి బతికేది సరిగ్గా ఆ బీడులోనే. 1848లో శాస్త్రవేత్తలు తొలిసారి వర్ణించిన ఈ పక్షి 1900లో అనంతపురం దగ్గర కనిపించిన తరువాత ఎవరి కంటా పడలేదు, అంతరించిందనే రాసుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపంలో స్థానికులు రాత్రిపూట టార్చి వెలుగులో ఒక పక్షిని పట్టుకోవడంతో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అది కలివికోడేనని నిర్ధారించారు. పట్టుబడిన ఆ పక్షి బతకలేదు. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది ప్రధానంగా దాని కోసమే. ఎనభై ఆరేళ్లు ప్రపంచానికి కనిపించని జీవిని దాచి ఉంచిన నేలను మనం పనికిరాని కంప అంటున్నాం. అడవి మీద పడే మొదటి గొడ్డలి ఈ మాటే అని నా అభిప్రాయం. ఒక నేలకు బీడు అన్న పేరు పడిన తరువాత దాన్ని దున్నినా, తవ్వినా, ఎవరికో రాసిచ్చినా అడిగేవారు ఉండరు.

ఆ పిట్ట వల్ల మనకేం లాభం?

అట్లూరు వైపు ఒక పెద్దాయన ఈ మాట అడిగినప్పుడు పురుగులను తింటుందని, పర్యావరణ సమతుల్యానికి అవసరమని పుస్తకాల్లో ఉన్న జవాబే చెప్పాను. ఆయన నవ్వి, ‘పురుగులు తినేదానికి కొంగలు లేవా నాయనా’ అన్నారు. అప్పటి నుంచి ఆ జవాబు మానేశాను. లాభం చూపించి ఒక జీవిని కాపాడమంటే, లాభం లేదని తేలిన రోజున చంపడానికి అనుమతి ఇచ్చినట్టే అవుతుంది. ఆ పక్షి మన కంటే ముందు నుంచి అక్కడ ఉన్నది, దానికి వెళ్లడానికి వేరే చోటు లేదు, దాన్ని లేకుండా చేసే శక్తి మనకు ఉన్నది. బాధ్యత పుట్టడానికి ఈ మూడు విషయాలు చాలవా? ఇంట్లో పని చేయలేని ముసలివాళ్లకు అన్నం పెట్టేటప్పుడు లాభనష్టాల లెక్క వేయడం మన ఊళ్లలో అవమానం కింద లెక్క. ఆ పెద్దాయన కూడా ఈ మాటకు అడ్డు చెప్పలేదు, ఒప్పుకున్నారని మాత్రం అనలేను.

చట్టం దేన్ని అడవి అంటుంది?

అటవీ సంరక్షణ చట్టం 1980లో వచ్చింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, భూమి ఎవరిదైనా, రికార్డుల్లో ఏ పేరు ఉన్నా, నిఘంటువు అర్థంలో అడవి అయినదంతా ఈ చట్టం కిందికి వస్తుందని చెప్పింది. 2023 సవరణ ఆ పరిధిని కుదించగా, కొత్త నిర్వచనంపై వివాదం తేలేవరకు 1996 నాటి అర్థాన్నే పాటించాలని 2024 ఫిబ్రవరిలో అదే కోర్టు ఆదేశించింది.

లెక్కల్లో మరో చిక్కు ఉంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వారి నివేదికల్లో, ఒక హెక్టారుకు తగ్గని విస్తీర్ణంలో పది శాతం మేర చెట్ల నీడ ఉంటే చాలు, అది అటవీ విస్తీర్ణమే. ఆ కొలత ప్రకారం రైల్వే కోడూరు మామిడి తోట కూడా అడవిలో చేరవచ్చు, బట్టమేక పక్షి తిరిగిన రోళ్లపాడు గడ్డిమైదానం చేరదు. అందుకే అటవీ విస్తీర్ణం పెరిగిందని పేపర్లో చదివినప్పుడు సంతోషించే ముందు, పెరిగినది ఏమిటని అడగడం మంచిది.

ఎర్రచందనం పోవడానికి అసలు దోషి ఎవరు?

దీనికి సూటిగా ఒక పేరు చెప్పమంటారు. నిజం చెప్పాలంటే ఆ దుంగ వెంట నడవాలి.

ప్రపంచం మొత్తం మీద ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండ, లంకమల, వెలికొండల చుట్టుపక్కలే. లోపలి ఎర్రటి చేవ గట్టిపడడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ చేవ కోసమే చెట్టును కొడతారు. మన వైపు దాని వాడకం తక్కువ. మా అమ్మమ్మ సానరాయి మీద గంధం తీసి సెగ్గడ్డలకు పట్టు వేసేది, అంతకు మించి నేను చూడలేదు. డిమాండు ఉన్నది సముద్రం అవతల, చైనాలో ఖరీదైన ఫర్నిచర్‌కు, జపాన్‌లో షామిసెన్ వంటి వాద్యాల తయారీకి. 1995 నుంచి ఈ కలప అంతర్జాతీయ వ్యాపారం, ముప్పులో ఉన్న జీవుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే దేశాల ఒప్పందం రెండవ అనుబంధం కింద నియంత్రణలో ఉంది. అయినా దొంగరవాణా ఆగలేదు.

కొండ ఎక్కి చెట్టు కొట్టేవాడు, భుజాన మోసేవాడు ఎక్కువగా తమిళనాడు కొండప్రాంతాల నుంచి వచ్చే పేద కూలీ. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది అటువంటి కూలీలు చనిపోయారు. దుంగ కోసం డబ్బు పెట్టినవాడు, దాన్ని ఓడ ఎక్కించినవాడు, దానితో చేయించిన కుర్చీలో కూర్చున్నవాడు ఆ రోజు ఆ కొండ మీద లేరు. చట్టం చేతికి ముందు దొరికేది గొడ్డలి పట్టిన చెయ్యే. అందుచేత శిక్ష గొలుసు చివరన పడుతుంది, లాభం మొదట్లోనే మిగిలిపోతుంది.

అలాగని కూలీకి బాధ్యతే లేదనను. అది నేరమని తెలిసే అతను కొండ ఎక్కుతాడు. అయితే బాధ్యతను తూచడానికి నేను రెండు రాళ్లు వాడతాను: దాని వల్ల ఎవరికి ఎంత మిగిలింది, వద్దనుకునే అవకాశం ఎవరికి ఎంత ఉంది. కుర్చీ కొన్నవాడికి మరో కలపతో చేసిన కుర్చీ కొనుక్కునే వీలు ఎప్పుడూ ఉంది. పొలం ఎండిపోయి, అప్పు మీద అప్పు చేసినవాడికి ఆ పాటి వీలు లేదు. ఇక మన సంగతి. రాత్రిపూట ఊరి మీదుగా దుంగల బండి వెళ్తుంటే తలుపు వేసుకుని పడుకున్న గ్రామాలు ఉన్నాయి. భయం వల్ల నోరు మెదపనివారిని నేను తప్పుపట్టను. డ్రైవరుగా నాలుగు రూపాయలు వచ్చాయని సంతోషించినవారి మాట వేరు.

మన అడవులను నరికింది బ్రిటిష్‌వాళ్లే కదా?

చాలా వరకు నిజం. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు, అంటే మన ఈ సీమ, ఈస్టిండియా కుంపిణీ చేతికి వచ్చాయి. ఆ తరువాత అరవై డెబ్బై ఏళ్లలో మద్రాసు రైలు మార్గం కడప, గుత్తి మీదుగా సాగింది. పట్టాల కింద దిమ్మెలు, ఇంజన్లకు కట్టెలు చెట్ల నుంచే రావాలి కదా. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చిన తరువాత, అప్పటిదాకా ఊరిదనుకున్న కొండ సర్కారుదైంది. పుల్లలు ఏరుకోవడానికి, మేకలు మేపుకోవడానికి కూడా అనుమతి అడగాల్సి వచ్చింది. నాది కాని దాన్ని నేనెందుకు కాపాడాలి అన్న మాట మన జనంలో పుట్టింది బహుశా అప్పుడే.

కానీ తెల్లవాళ్లు వెళ్లి ముప్పావు శతాబ్దం దాటింది. రాజ్యాంగంలో 1976లో చేర్చిన 51ఎ అధికరణం అడవులను కాపాడడం ప్రతి పౌరుడి విధి అంటుంది. 48ఎ అదే పనిని ప్రభుత్వానికి అప్పగిస్తుంది. ప్రకృతి వనరుల విషయంలో ప్రభుత్వం ధర్మకర్త వంటిదని సుప్రీంకోర్టు 1990లలోనే చెప్పింది. గుడి మాన్యం అమ్ముకున్న ధర్మకర్తను ఊరు ఏమంటుందో తెలిసిన మనకు ఈ పోలిక వేరే వివరించనక్కరలేదు.

మేకలవాళ్లు, కట్టెలు తెచ్చుకునేవాళ్లు అడవిని పాడుచేయడం లేదా?

కొంత పాడుచేస్తారు. దోటితో కొమ్మలు దించి మేకలకు వేస్తే చెట్టు కురచబారుతుంది, మేక తిన్న మొలక మళ్లీ లేవదు. అయితే అనంతపురం వంటి చోట వేరుశనగ వరుసగా పోయిన ఏళ్లలో ఎన్నో ఇళ్లను నిలబెట్టింది ఆ మేకలే. వాటిని అమ్మేయమని చెప్పే హక్కు బ్యాంకులో జీతం పడే నాకు ఉందని అనుకోను.

2006 అటవీ హక్కుల చట్టాన్ని చాలామంది భూమి పట్టాల చట్టంగానే చూస్తారు. 2005 డిసెంబరు 13 నాటికి అడవిపై ఆధారపడి ఉన్న చెంచులు, యానాదులు, సుగాలీలు వంటి గిరిజనులకు, మూడు తరాలుగా అక్కడే ఉన్నామని చూపగలిగిన ఇతరులకు అది హక్కులిస్తుంది. అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చేది కూడా అదే. 1990లలో మన రాష్ట్రంలో మొదలైన వన సంరక్షణ సమితులు బాగా నడిచిన చోట, కాపలాకు వంతులు వేసుకున్న ఊళ్లవారు కొండ మీద గొడ్డలి చప్పుడు వినిపిస్తే అన్నం ముందు నుంచి లేచి వెళ్లేవారు. నిధులు ఆగాక చాలా సమితులు కాగితం మీద మిగిలాయి. హక్కు ఇవ్వకుండా కాపలా కాయమంటే ఎన్నాళ్లు కాస్తారు?

ఎండాకాలంలో కొండలకు నిప్పు ఎలా అంటుకుంటుంది?

వెదుళ్లు రాసుకుని నిప్పు పుడుతుందని ఇప్పటికీ చెబుతారు. మన కొండల్లో రేగే మంటలు దాదాపు అన్నీ మనుషులు పెట్టినవే. బోద గడ్డి కాలిస్తే తొలి వానకు లేత చిగురు వస్తుందని పెట్టేవారు కొందరు, తేనెపట్టుకు పొగపెట్టి ఆర్పకుండా వచ్చేవారు కొందరు, బీడీ పారేసేవారు మరికొందరు. శివరాత్రికి నిత్యపూజకోన, లంకమల వెళ్లే భక్తులు వంట పొయ్యిలను, ప్లాస్టిక్ గ్లాసులను వదిలి రావడం నేను కళ్లారా చూశాను. మంట పెద్ద చెట్లను వెంటనే చంపకపోవచ్చు గాని, మొలకలను, నేలమీద గుడ్లు పెట్టే పక్షులను మిగల్చదు. ఏటా కాలే కొండ మీద ముసలి చెట్లే ఉంటాయి, వాటి తరువాత వచ్చేది ఏమీ ఉండదు.

నీళ్లు, కరెంటు కావాలంటే కొంత అడవి వదులుకోక తప్పదు కదా?

రాయలసీమలో నీళ్లకు అడ్డం చెప్పేవాడికి ఎవరూ మంచినీళ్లు కూడా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. నేను అడ్డం చెప్పడం లేదు. తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి తావుల మీదికి వచ్చినప్పుడు, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి కాలువ దారి మార్చారు. అంటే మరో దారి ఉన్నదన్నమాట. తవ్వకముందే ఆ దారి ఎందుకు వెతకలేదన్నదే నా ప్రశ్న. తప్పదు అనే మాట చాలాసార్లు వెతకలేదు అనే మాటకు మారుపేరు.

రోళ్లపాడు కథ ఇంత చక్కగా ముగియలేదు. కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, బట్టమేక కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. చుట్టూ సాగునీరు వచ్చింది, జొన్న, కొర్ర, వేరుశనగ పోయి వేరే పంటలు వచ్చాయి, మీటరెత్తు ఉండే ఆ పక్షికి తిరగడానికి నేల కరువైంది. ఇప్పుడు బోర్డు మీద బొమ్మ ఉంది, మైదానంలో పక్షి లేదు. ఇందులో ఫలానావాడు చెడ్డవాడని చెప్పడానికి లేదు. నీళ్లు వచ్చినందుకు సంతోషించిన రైతును నేరస్థుడనలేం. మంచి పనుల మొత్తం కూడా ఒక జీవిని తుడిచేయగలదు. నీతిశాస్త్రానికి అసలు పరీక్ష ఇటువంటి చోటే.

ఓర్వకల్లు దగ్గర 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు బొగ్గు మండించే అవసరాన్ని తగ్గిస్తుంది, అది మేలే. ఆ తరహా పార్కులకు ఎంచుకునే భూమి ఎప్పుడూ బీడుగా రాసి ఉన్నదే కావడం మాత్రం నన్ను మొదటి ప్రశ్న దగ్గరికి లాక్కెళుతుంది.

పోయిన అడవికి బదులు మొక్కలు నాటితే సరిపోదా?

ప్రాజెక్టులకు అటవీభూమి ఇచ్చినప్పుడు బదులుగా మొక్కలు పెంచాలన్న నియమం ఉంది. ఆ నిధి కోసం 2016లో ప్రత్యేక చట్టం కూడా చేశారు. కాగితం మీద ఎకరానికి ఎకరం సరిపోతుంది.

ఒక జూలైలో వనమహోత్సవానికి నన్నూ పిలిచారు. వరుసగా గుంటలు తీసి ఉన్నాయి, ఒక్కొక్క దాని పక్కన కానుగ మొక్క, బ్యానరు, మైకు. ఫోటోలు అయ్యాక జనం వెళ్లిపోయారు. నేను నాటిన మొక్కకు మట్టి సర్దుతూ పక్క గుంట చూస్తే, మొక్క నల్లటి ప్లాస్టిక్ కవరుతో సహా భూమిలో ఉంది. దాన్ని తీసి కవరు చింపాను. వేళ్లు లోపలే గుండ్రంగా చుట్టుకుని కవరు ఆకారానికి వచ్చేశాయి. ఆ వరుసలో మరో నాలుగు అలాగే కనిపించాయి. మరుసటి ఏప్రిల్‌లో అటు వెళ్తే గుంటలు ఉన్నాయి, కొన్నింటిలో పుల్లలు ఉన్నాయి.

మొక్కలన్నీ బతికినా లెక్క కుదరదు. నీలగిరి తోటలో చిరుమాను కింద పెరిగే గడ్డి ఉండదు, ఆ గడ్డిలో పురుగు ఉండదు, ఆ పురుగుకు వచ్చే పిట్ట ఉండదు. నాటడం మంచి పనే, దాన్ని తప్పుకు రసీదుగా వాడుకోవడం దగ్గరే నాకు పేచీ. నిజంగా అడవి తిరిగి రావాలంటే మన నేలల్లో చాలాచోట్ల చేయవలసిందల్లా నిప్పును, గొడ్డలిని, మేకను కొన్నేళ్లు ఆపడం. పాత మొద్దులు వాటంతట అవే చిగురిస్తాయి. అందులో ఫోటో తీసుకోవడానికి ఏమీ ఉండదు.

అడవి పెంచితే వానలు పడి, వరదలు ఆగుతాయా?

ఇంత పెద్ద మాట ఇవ్వకండి. అనంతపురం పడమటి కనుమల వాననీడలో ఉంది, అక్కడి వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. నాలుగు కొండలు పచ్చబడితే ఆ అంకె మారిపోదు. పడిన వానను నేలలోకి ఇంకించడం, మట్టి చెరువులోకి కొట్టుకుపోకుండా ఆపడం అడవి చేసే పని. దానికీ ఒక హద్దు ఉంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు, ఆ నీళ్లు అడవి ఉన్న శేషాచలం కొండల మీది నుంచి కూడా దిగివచ్చాయి. కట్టల, గేట్ల బాధ్యతను చెట్ల మీద వేయడం కూడా ఒక రకం తప్పించుకోవడమే.

జింకలు, ఎలుగుబంట్లు పంట మీద పడుతుంటే మేమెందుకు ఓర్చుకోవాలి?

ఒక్కరే ఓర్చుకోకూడదు. ఆలూరు, పత్తికొండ చేలల్లో మొలక దశలోనే కృష్ణజింకలు మేసి పోయిన కంది చేనును చూసినవారెవరూ రైతుకు దయ గురించి ఉపన్యాసం ఇవ్వరు. జింకను కాపాడాలన్నది దేశమంతటి కోరిక, దాని ఖర్చు మాత్రం ఐదెకరాలవాడు కడుతున్నాడు. నష్టపరిహారం ఆలస్యం లేకుండా, తిరిగి తిరిగి చెప్పులు అరగకుండా అందాలి. పట్నంలో ఉండి వన్యప్రాణిని ప్రేమించే మనం ఈ విషయంలో రైతుకు బాకీ ఉన్నాం.

మనవాళ్లు చెట్టును దేవుడిలా కొలుస్తారు కదా, ఆ భక్తి అడవిని కాపాడదా?

చెట్టును కాపాడుతుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఊడలతో ఎకరాల కొద్దీ పరుచుకుని 1989లో గిన్నిస్‌కు ఎక్కిందంటే, దాని ఊడ తెంపడానికి ఎవరికీ చెయ్యి రాకపోవడం అందుకు ఒక కారణం. ఆ మాను నుంచి తిరిగి వస్తూ దారిలో గుట్ట మీద కట్టెలు కొట్టుకోవడానికి మాత్రం ఆ చెయ్యి ఆగదు. పేరు, కథ ఉన్న చెట్టును కొలుస్తాం, పేరులేని పొదను కొడతాం. కలివిపొదకు గుడి కట్టమని కాదు నేననేది, దాని పేరు పిల్లలకు తెలిస్తే చాలని.

ఇంత చెబుతున్నారు, మీ వల్ల పోయిన అడవి ఎంత?

బద్వేలులో ఒక అమ్మాయి అడిగింది ఈ ప్రశ్న. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను.

మా ఇల్లు మా తాత కట్టింది. తలవాకిలి ద్వారబంధం, గడప యేగిస మానుతో చేసినవి. ఆ మాను ఎక్కడిదని చిన్నప్పుడు అడిగితే, ‘కొండది, ఒక రాత్రి బండి మీద వచ్చింది’ అన్నాడు. పర్మిట్ ఉందా అని అడిగే వయసు నాకు అప్పుడు లేదు, అడిగే వయసు వచ్చేసరికి ఆయన లేడు. తిరుమలకు గడప కాబట్టి ఈ ఊరికి కడప అని పేరు వచ్చిందంటారు. ఆ గడపల ఊళ్లో మా గడప మీది చెక్క దొంగ సొత్తని ఇప్పుడు నాకు దాదాపు నమ్మకం. దాన్ని పీకేస్తే కొండ మీద ఆ మాను మళ్లీ లేవదు, ఉంచుకుంటే లెక్క తీరదు. శుక్రవారం మా ఆవిడ దానికి పసుపు రాసి బొట్టు పెడుతుంటే పక్కన నిలబడతాను. మధ్యలో అరిగిన చోట, పసుపు కింద, ఆ మాను చార ఇంకా ఎర్రగానే కనిపిస్తుంది.